'ప్రేమలోఁ బడుట': ఒక పలుకుఁబడి విమర్శనము

ఒక భాషలోని పదమును వేఱొక భాషలోనికిఁ దెచ్చుకొనుట సులభము. పలుకుఁబడిని దెచ్చుకొనుట యంత సులభము కాదు. పదము వచ్చునపుడు దానివెంట నర్థ మొక్కటియే వచ్చును. పలుకుఁబడి వచ్చునపుడో, ఆ భాషయొక్క విభక్తులును, క్రియాస్వభావమును, ఆ భాష మాటలాడువారు మనోవ్యాపారములను జూచెడు తీరును గూడ వచ్చును. పరాయి పదమును జెవి వెంటనే గుర్తించును. పరాయి పలుకుఁబడిని గుర్తించుటకుఁ గొంతకాలము పట్టును; ఏలయన నందలి మాటలన్నియు మన మాటలే. ఆంగ్లేయమునందు మిక్కిలి వాడుకలో నున్న 'ఫాల్ ఇన్ లవ్' అను పలుకుఁబడి తెలుఁగున 'ప్రేమలో పడు' అని స్థిరపడుట యిట్టివానిలో విచారింపఁదగినది.

నవలలయందును, గథలయందును, వార్తాపత్రికలయందును, చలనచిత్రములయందును నేఁ డీ పలుకుఁబడి విరివిగాఁ గనఁబడుచున్నది. పాఠశాలలలో ఆంగ్లేయపుఁ బలుకుఁబడులను సొంతవాక్యములలోఁ బ్రయోగించి, ఆ వాక్యములను దెలుఁగు చేయుట యొక యభ్యాసము. అట్టి యభ్యాసమున విద్యార్థి 'వాఁడు ఆమెతో ప్రేమలో పడెను' అని వ్రాసినచో నొక పండితుఁడు వాక్యమంతయు నపభ్రంశమని కొట్టివేయును. మఱియొకఁడు లోకవ్యవహారమున నున్నది గదా యని వాక్యమంతయు నట్లే విడిచిపెట్టును. ఇరువురును వాక్యమును విడఁదీసి చూచినవారు కారు. ఇందు మూఁడంశములు గలవు: 'పడు' అను క్రియ, 'లో' అను విభక్తి, 'తో' అను విభక్తి. ఈ మూఁటికిని దోష మొక్కతీరుగ లేదు. ఏది మనది, ఏది కాదు, కానిదానివలన నర్థమునకుఁ గలుగు హాని యెట్టిది యను దానిని వేఱువేఱుగఁ బరిశీలింపవలసియున్నది.

మొదట మూలమును జూతము. ఆంగ్లేయమున 'ఫాల్' అను క్రియకుఁ గ్రిందఁ బడుట ప్రధానార్థమే కాని, ఒక స్థితినుండి మఱియొక స్థితికిఁ దలవని తలంపుగ మాఱుటను గూడ నది తెలుపును. నిద్రపోవుటకు 'ఫాల్ అస్లీప్' అనియు, జబ్బుపడుటకు 'ఫాల్ ఇల్' అనియు, మాట యుడిగి యూరకుండుటకు 'ఫాల్ సైలెంట్' అనియు నా భాషవా రందురు. ఈ మూఁటియందును బై నుండి క్రిందికిఁ బడుట లేదు. స్థితి మాఱుట మాత్రమే కలదు. 'ఫాల్ ఇన్ లవ్' అనునదియు నీ జాతిలోనిదే. షేక్స్పియరు 1599 ప్రాంతమున రచించిన 'యాజ్ యు లైక్ ఇట్' అను నాటకమున రోజలిండ్ అను నాయిక తన పినతండ్రి కూఁతురితోఁ బొద్దుపుచ్చుటకుఁ దగిన వినోదములను గూర్చి ముచ్చటించుచు దీనిని హాస్యముగఁ బేర్కొనును. అప్పటికే యిది యందఱకును దెలిసిన పలుకుఁబడి యనుటకు నా సందర్భము చాలును.

యూరపుఖండపు భాషలన్నియు నీ యర్థము నొక్కతీరుగఁ జెప్పవు. ఇటాలియను, స్పానిషు భాషలలో వలపు అను నామమునుండి పుట్టిన యొక్క క్రియయే చాలును. పడుట యందు లేదు. జర్మనుభాషయు నట్టిదే, వలచు అను ధాతువునకు నుపసర్గ చేర్చి, యాత్మార్థకముగ వాడుదురు. ఫ్రెంచివారు పడుట యను క్రియనే వాడుదురు కాని, వారు ప్రేమ'లో' పడరు. 'వలపుగలవాఁడుగఁ' బడుదురు, అనఁగా నచటఁ బడుట యగుటయే. వలవఁబడినవారిని దెలుపు విభక్తిని జూచినచో భేద మింకను స్పష్టమగును. ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు భాషలలో 'యొక్క' అను నర్థముగల విభక్తియు, జర్మనున 'లోనికి' అను నర్థముగల విభక్తియు వచ్చును. 'తో' అను నర్థముగల 'విత్' ఈ యైదింటిలో నాంగ్లేయమున మాత్రమే కలదు. కావున 'తో' అనునది ప్రేమస్వభావమునుండి పుట్టినది కాదు. ఒక భాషయొక్క యాచారమునుండి పుట్టినది.

ఇఁక దెలుఁగున 'పడు' ధాతువు. ఇది మన భాషయందు మిక్కిలి పనిచేయు ధాతువులలో నొకటి. పండు పడును, వాన పడును. తుమున్నంతముమీఁద సరళాదేశమును బొంది 'చేయఁబడు', 'చెప్పఁబడు' అని కర్మార్థమును దెలుపును. నామముమీఁదఁ జేరి భయపడు, సిగ్గుపడు, ఆశపడు, బాధపడు, జబ్బుపడు, ఇష్టపడు, మనసుపడు అని మనోదేహావస్థలను దెలుపును. ఈ మూఁడవ వర్గమును జూచినచో, ఒక భావమునకు లోనగుటను 'పడు' ధాతువుచేఁ జెప్పుట తెలుఁగునకుఁ బరాయి కాదని తేలును. ఆంగ్లేయమున 'ఫాల్' ఏ పని చేయుచున్నదో, తెలుఁగున 'పడు' అంతకంటె విరివిగ నాపని చేయుచున్నది. కావుననే యీ యనువాదము చదువరుల చెవికి నెరసుగఁ దోఁపక, త్వరగ వ్యాపించినది. 'పడు' నుద్దేశించి యీ పలుకుఁబడిని నిందించుట న్యాయము కాదు.

అయినను నొక విశేషము గలదు. సిగ్గుపడు, మనసుపడు మున్నగు చోట్ల నామమునకును ధాతువునకును నడుమ విభక్తి లేదు. సిగ్గులోఁ బడినవాఁడు లేఁడు; భయములోఁ బడెనని సామాన్యముగ ననరు. 'ఫాల్ అస్లీప్' అనుదానిని 'నిద్రలో పడెను' అని యేవిద్యార్థియు వ్రాయఁడు. 'నిద్రపోయెను' అనియే వ్రాయును. అట్లయినచో 'ప్రేమలో పడు' అనునప్పటి 'లో' ఎట్లు నిలిచినది? దీనికిఁ గూడ మన భాషయందే యాధారము గలదు. 'లోఁ బడు' అనునది తెలుఁగున రెండర్థములఁ బ్రవర్తించును. వలలోఁ బడు, ఊబిలోఁ బడు, మాయలోఁ బడు, చిక్కులలోఁ బడు అనుచోట వెలువడరాని బంధ మర్థము. పనిలోఁ బడు, మాటలలోఁ బడు, ఆలోచనలోఁ బడు అనుచోట నితరము మఱచునంతటి నిమగ్నత యర్థము. 'ప్రేమలో పడు' ఈ రెంటి నడుమను నిలిచినది. పెద్దలు కుమారుని గూర్చి నొచ్చుకొనుచు ననునపుడు మొదటి యర్థము స్ఫురించును. యువకుఁడు తన్ను గూర్చి మురియుచు ననునపుడు రెండవది స్ఫురించును. ఒక్క పలుకుఁబడి వక్తనుబట్టి యీ రెండు ఛాయల నిచ్చుట గుణమే కాని దోషము కాదు. లోన్, లోపలన్ అనువానిని షష్ఠిఁ జేర్చిన మన వ్యాకరణమర్యాద ననుసరించి 'ప్రేమలోఁ బడెను' అని సరళాదేశ మొనర్చి వ్రాసినచో రూపమున నేలోపమును గానరాదు.

ఇంతవఱకు నీ పలుకుఁబడి నిర్దోషముగనే యున్నది. దోష మంతయు 'తో' అనుదానియందుఁ గలదు.

ఆంగ్లేయమున 'విత్' అనునది సహార్థమునే కాక, మనోవికారమున కాలంబనమైన దానిని గూడఁ దెలుపును. ఒకనిపైఁ గోపించుటకు 'యాంగ్రీ విత్' అనియు, ఒకదానివలన సంతోషించుటకుఁ 'బ్లీజ్డ్ విత్' అనియు వా రందురు. అచట 'విత్' అనుటచే నెదుటివాఁడును గోపించెనని యెవ్వరును దలఁపరు. తెలుఁగున 'తో' యట్టిది కాదు. 'తోడ', 'తో' అనునవి కరణార్థమున వచ్చును, సహార్థమున వచ్చును. 'వానితో స్నేహము చేసెను', 'వానితోఁ బోరెను', 'వానితో వియ్యమందెను' అను వాక్యములయందు వ్యాపార మిరువురకును జెందినది. ఎదుటివాఁడు చేయనిచో స్నేహము లేదు, పోరు లేదు, వియ్యము లేదు. అందువలననే 'వానితోఁ గోపపడెను' అని తెలుఁగువాఁ డనఁడు. 'వానిపైఁ గోపపడెను' అనును. 'వానితో నసూయపడెను' అనఁడు. 'వానిపై నసూయపడెను' అనును. కోపమునకును నసూయకును బనికిరాని 'తో' ప్రేమకుఁ బనికివచ్చుట యెట్లు?

'ఆమెతోఁ బ్రేమగ మాటలాడెను' అను వాక్యమును జూపి కొందఱు దీనిని సమర్థింపవచ్చును. ఆ వాక్యమున 'తో' మాటలాడుట యను క్రియకుఁ జెందినది; ప్రేమ యచటఁ గేవలము క్రియావిశేషణము. కావున నది యీ ప్రయోగమునకు సాక్ష్యము కాఁజాలదు.

ఈ చిన్న విభక్తివలన నర్థమున కెంతటి హాని కలుగునో కావ్యకథల నుదాహరించి చూచినచో స్పష్టమగును. అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమున వరూధిని ప్రవరునిఁ జూచి మరులుకొనెను. ప్రవరునకో, పాదలేపము మంచునఁ గరఁగిపోయినందున నిల్లు చేరు దారి తప్ప వేఱొక చింత లేదు. ఆమె వేఁడుకోలును దిరస్కరించి, యగ్నిదేవుని బ్రార్థించి, యతఁడు తన యూరు చేరెను. ఒకరికిఁ గల్గిన వలపు రెండవవారికి లేకపోవుటయే యా ఘట్టమునకుఁ బ్రాణము. దీనిని 'వరూధిని ప్రవరునితో ప్రేమలో పడెను' అని వ్రాసినచోఁ గథ యెఱుఁగని విద్యార్థి ప్రవరుఁడును నామెను వలచెననియే తలఁచును. తరువాత గంధర్వుఁడు ప్రవరుని రూపము దాల్చి యామెను వంచించుట యెందులకో వానికి బోధపడదు. 'వరూధిని ప్రవరునిపై మరులుకొనెను' అన్నచో నీ చిక్కు లేదు. 'పై' యనునది వలపు ఏ దిక్కునుండి యే దిక్కునకుఁ బోయినదో చూపును. 'తో' యా దిక్కును జెఱిపివేయును.

ఇది కావ్యములకు మాత్రమే సంబంధించిన ముచ్చట కాదు. ఒక పురుషుఁడు తన్ను గోరని స్త్రీని వెంబడించి బాధించినపుడు, ఆ వృత్తాంతమును 'ఆమెతో ప్రేమలో పడెను' అని యారంభించినచో, ఆ స్త్రీకిని నందు భాగము గలదని వ్రాయువాఁ డెఱుఁగకయే చెప్పినవాఁ డగును. ఒక విభక్తి యామె యీయని సమ్మతిని నామె కంటఁగట్టును. వృత్తాంతములు వ్రాయువారికి భాషాశుద్ధి యలంకారము మాత్రమే కాదనుటకు నింతకంటె నిదర్శనము వలదు. ఊరిని, నదిని, గ్రంథమును గూర్చి యీ పలుకుఁబడిని వాడినచో దోషము హాస్యాస్పదముగఁ గూడఁ బరిణమించును. 'వాఁ డా యూరితో ప్రేమలో పడెను' అన్నచో నూరును వానిని వలచినట్లు తోఁచును.

మఱియొక హాని క్రియను గూర్చినది. 'ప్రేమలో పడు' అకర్మకము. పడువాఁడు కర్త యైనను జేయువాఁడు కాఁడు, వానికిఁ దలవని తలంపుగ నేదియో సంభవించినది. 'వలచు' సకర్మకము, అది యొక చేఁత. భాగవతకథయందు రుక్మిణి కృష్ణుని గుణరూపములను దన యింటికి వచ్చినవారివలన విని, యతనినే పతిగ నిశ్చయించుకొని, యన్న యిష్టమునకు మాఱుగ బ్రాహ్మణునిఁ బంపి, తన్నుఁ గొనిపోవలసినదిగ వార్త పంపెను. ఇట్టి కన్యను 'కృష్ణునితో ప్రేమలో పడెను' అనుట యామె ధైర్యమును నిశ్చయమును దుడిచివేయుట. 'రుక్మిణి కృష్ణుని వలచెను' అన్నచో నామె కర్త్రి యగును. సంభవించిన దానిని 'పడు' అనుట, చేసిన దానిని 'వలచు' అనుట యుచితము.

తెలుఁగు తన సొంతమైన యూహను 'మనసుపడు' అనుదానియందు దాఁచుకొన్నది. 'వాని కన్ను దానిమీఁదఁ బడినది', 'వాని మనసు దానిమీఁదఁ బడినది' అని పల్లెలయందు నీ నాఁటికి నందురు. ఆంగ్లేయమునఁ బడునది మనుష్యుఁడు. తెలుఁగునఁ బడునది కన్ను, మనసు. పడిన చోటు ప్రేమ కాదు, వలవఁబడిన వ్యక్తి. ఈ భేదమును దెలిసికొన్నవానికి 'పై', 'మీఁద' అను విభక్తులు సహజముగ నబ్బును.

'ప్రేమ' అను నామమును గూర్చియు నొకమాట చెప్పవలసియున్నది. పూర్వకావ్యములయందు స్త్రీపురుషుల యనురాగమునకు వలపు, మరులు, తమి, మోహము మున్నగు పదములు విరివిగ వాడఁబడినవి. ప్రేమ యనునది బిడ్డలయెడ, బంధువులయెడ, దైవముయెడఁ గల ప్రీతిని గూడఁ దెలుపు విశాలపదము. గురజాడ అప్పారావు (1862-1915) 'కాసులు' అను గేయమున మరులు వేఱు, ప్రేమ వేఱు అని స్పష్టముగ విడఁదీసెను. రాయప్రోలు సుబ్బారావు మున్నగు భావకవుల చేతిలో నీ పదమున కొక పవిత్రత యేర్పడెను. ఆ విడఁదీఁతనుబట్టి చూచినచో, వయసుతో వచ్చి పట్టునది మరులు, నిలిపికొనవలసినది ప్రేమ. 'ప్రేమలో పడు' అనునది మరులుకొనుటకుఁ బ్రేమయను పేరు పెట్టినది. ఇది యిప్పుడు మరల్చరాని వాడుక. కాని బోధించువారు భేదమును జెప్పి బోధించుట మేలు.

ఈ పలుకుఁబడికిఁ జుట్టములైనవి యింక రెండు గలవు. 'లవ్ ఎట్ ఫస్ట్ సైట్' అనునది 'తొలిచూపులోనే ప్రేమ' యని తెలుఁగున వచ్చినది. ఇది మనకుఁ గ్రొత్త కాదు. ఆలంకారికులు చెప్పిన పది మన్మథావస్థలలో మొదటిది చక్షుఃప్రీతియే. తరువాతనే మనస్సంగమును సంకల్పమును వచ్చును. అయినను జూపొక్కటియే వలపునకు ద్వారమని మనవారు తలఁపలేదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమునఁ బూర్వరాగమునకు వినుటను జూచుటను గారణములుగఁ జెప్పి, చూచుటయందుఁ బ్రత్యక్షమును, జిత్తరువును, గలను గూడఁ జేర్చెను. దమయంతి నలుని వినియే వలచెను. ఉష యనిరుద్ధుని గలలోఁ జూచి వలచెను. కావున నీ కథలను సంగ్రహించు విద్యార్థి యన్నింటికిని 'తొలిచూపు' నంటఁగట్టరాదు.

'ఫాల్ అవుట్ ఆఫ్ లవ్' అనుదానిని 'ప్రేమనుండి బయటపడు' అని కొందఱు తెలిఁగించుచున్నారు. ఇది యొప్పదు. తెలుఁగున 'బయటపడు' అనఁగా నాపదనుండి తప్పించుకొనుట; లేదా రహస్యము వెల్లడియగుట. 'అప్పులనుండి బయటపడెను', 'దొంగతనము బయటపడెను' అనుట యందఱకును దెలిసినదే. 'ప్రేమనుండి బయటపడెను' అన్నచో నాపద తప్పినదని యూఱట చెందినట్లుండును. వలపు చల్లాఱినవాని దుఃఖమో, నిర్లిప్తతయో యందు లేదు. 'మనసు విఱిగెను', 'మరులు దీఱెను' అను మన పలుకుఁబడులు రెండు వేఱువేఱు కారణములను గూడఁ దెలుపును: మొదటిది యెదుటివారి తప్పువలనఁ గలిగినది, రెండవది తనంతఁ దాన నణఁగినది. ఒక్క యాంగ్లేయపుఁ బలుకుఁబడికి లేని సూక్ష్మత యిచట మనకుఁ గలదు.

వాడుకయే ప్రమాణమని, జనులు 'తో' వాడుచుండఁగాఁ బండితులు వలదనుట వ్యర్థమని యాక్షేపింపవచ్చును. వాడుక ప్రమాణమే. అయితే నీ విషయమున వాడుక యేది? గ్రంథములు చదువని తెలుఁగువాఁడు 'దానిమీఁద మనసుపడినాఁడు' అనును. 'దానితోఁ బ్రేమలోఁ బడినాఁడు' అనుట యాంగ్లేయవాక్యమును మనసున నుంచుకొని వ్రాసినవారి వ్రాఁతలనుండి వచ్చినది. కావున వాడుకను మన్నించువారే 'తో' ను ముందుగ విడువవలసియున్నది.

పాఠశాలలయందు దిద్దువారికిఁ బనికివచ్చునట్లు పై విచారమును వాక్యములలో నిట్లు సంగ్రహింపవచ్చును. ఇరువురు నొకరినొకరు వలచినపుడు 'వారిరువురు ప్రేమలోఁ బడిరి' అని వ్రాయవచ్చును. కర్త యిరువురైనందున నర్థమున సందేహము లేదు. వలపు ఏకపక్షమైనపుడు 'వాఁ డామెపై మనసుపడెను' అనిగాని, 'మరులుకొనెను' అనిగాని వ్రాయవలెను. తెలిసి, నిశ్చయించి కోరినపుడు 'ఆమె యతనిని వలచెను' అని వ్రాయవలెను. అచేతనమును గూర్చి చెప్పునపుడు 'వానికి నా యూరిపై మక్కువ కలిగెను' అన్నచోఁ జాలును. 'వాఁ డామెతో ప్రేమలో పడెను' అను వాక్యమును మాత్రము దిద్దవలెను. దిద్దునపుడు వాక్యమంతయుఁ గొట్టివేయక, 'తో' క్రింద గీఁత గీచి, వలపు ఎవరిదో, ఎవరికి లేదో విద్యార్థి నడిగి తెలిసికొని, తగిన వాక్యమును వానిచేతనే వ్రాయింపవలెను.